కొస జానెడు వదలండి

కొత్తగా కళాసీ పనికి వచ్చిన కుర్రాడికి నేను ముందు ఇంజిను చూపించను, చుక్కాని ముట్టుకోనివ్వను. రెండు బారల తాడు ముక్క నీళ్లలో ముంచి చేతికిచ్చి, "ఆ గుంజకి కట్టరా అబ్బాయ్" అంటాను. ఇంచుమించు అందరూ ఒకటే కడతారు. ముడి మీద ముడి, దాని మీద ఇంకో ముడి, ఆపైన గుంజకి కాలు తన్నిపెట్టి ఒక్క లాగు. "ఇంక ఊడదండి సరంగు గారూ" అని నిలబడతాడు. ఊడదు, నిజమే. నా బాధ కూడా అదే. "సరే, ఇప్పుడు విప్పు" అంటాను. గోళ్లతో కాసేపు గీకి, తరవాత పళ్లతో మొదలుపెడతాడు.

విప్పకూడని ముళ్లు మూడే, అవి పెళ్లిలో వేస్తారు. లాంచీ మీద వేసే ప్రతి ముడీ విప్పడానికి వేసేదే. వరద రోజుల్లో వేళ్లతో సహా పెకిలిన చెట్టు ఎగువ నుంచి కొట్టుకొచ్చి మోకు మీద పడుతుంది. పక్కన కట్టిన పడవ తాడు తెంచుకుని మన మీదకి వాలుతుంది. అప్పుడు కట్టు వదిలి లాంచీని తప్పించడానికి దొరికే వ్యవధి ఎంత? ఒక్కోసారి బీడీ వెలిగించుకునేంత కూడా ఉండదు. ఆ వేళకి అక్కడ పీటముడి పడి ఉంటే మిగిలేది కత్తే. అందుకే ముక్కు దగ్గర ఒకటి, వెనక ఒకటి, ఒరలో పెట్టిన కత్తులు ఎప్పుడూ ఉండాలంటాను. అవి కూరగాయలు తరుక్కోవడానికి వంటవాళ్ల దగ్గరకి వెళ్లిపోతూ ఉంటాయి, ఎన్నిసార్లు చెప్పినా.

నేను పాపికొండల దారిలోనూ, కొన్నేళ్లు దిగువన లంక రేవుల్లోనూ లాంచీలు నడిపాను. ఇప్పుడు నడపడం తగ్గించి కుర్రాళ్లకి పని నేర్పుతున్నాను. ముడుల గురించి పెద్ద పెద్ద పుస్తకాలున్నాయి. 1944లో అమెరికాలో అచ్చయిన క్లిఫర్డ్ ఆష్లీ పుస్తకంలో 3,800 పైచిలుకు ముడులున్నాయి. గోదావరి మీద బతకడానికి ఐదారు చాలు. కాకపోతే ఆ ఐదారూ చీకట్లో, వానలో, వెనక నుంచి జనం అరుస్తుండగా పడాలి. చూసుకుంటూ వేసే ముడి నా లెక్కలో రానట్టే.

మొదటిది రేవు కట్టు. గుంజ చుట్టూ మోకు రెండు చుట్లు తిప్పాలి. తరవాత కొసని మోకు మీదే ఒకసారి చుట్టి దూర్చి సగం ముడి, దాని పక్కనే ఇంకో సగం ముడి. అంతే. ఇందులో పనంతా చుట్లదే, ముడిది కాదు. లాంచీ లాగుడంతా చెక్కకీ మోకుకీ మధ్య రాపిడిలో పోతుంది, సగం ముడుల దాకా వచ్చేది కొంచెమే. అందుకే అవి బిగుసుకుపోవు. ఇంకో లాభం ఏమిటంటే లాగుడు ఉండగానే దీన్ని విప్పొచ్చు. సగం ముడులు తీసేసి, చుట్లు అలాగే ఉంచి, మోకుని కొద్దికొద్దిగా వదలొచ్చు. ఎంత పెద్ద లాంచీనైనా మూడు చుట్ల మీద ఒక బక్క కుర్రాడు నిలబెడతాడు. చుట్లు లేకుండా ఉత్త చేతుల్తో పట్టబోతే నలుగురు వస్తాదుల్ని ఈడ్చుకుపోతుంది.

ఇక్కడే ఒక మాట. మోకుని చేతికి చుట్టుకోకూడదు. జారకుండా ఉంటుందని అరచేతికి ఒక మెలిక వేసుకుంటారు, అందరికీ ఉన్న అలవాటే. లాంచీ ఒక్క విసురు విసిరితే ఆ మెలిక బిగుసుకుని వేళ్లు నలిగిపోతాయి. అలాగే డెక్కు మీద పడి ఉన్న మోకు చుట్టల మధ్యలో కాలు పెట్టి నిలబడకూడదు. లంగరు దిగేటప్పుడు ఆ చుట్ట పైకి లేచి చీలమండ పట్టుకుంటే లంగరుతో పాటు మనిషీ దిగుతాడు.

రెండోది బోలైన్. నేవీలో చేసి వచ్చిన వాళ్ల నోట ఆ పేరు విని మేమూ అదే అంటున్నాం. ఎంత లాగినా ఉచ్చు చిన్నదవదు, పెద్దదవదు. వేసే పద్ధతి చెబుతాను, చేతిలో తాడుంటే వేసి చూడండి. లాంచీ వైపు ఉన్న పొడుగు తాడు మీద, కొసకి మూరెడు ఇవతల, చిన్న రింగు తిప్పాలి. కొస వైపు తాడు పైన ఉండాలి. ఇప్పుడు కొసని ఆ రింగులోకి కింద నుంచి పైకి దూర్చి, పొడుగు తాడు వెనక నుంచి చుట్టి తెచ్చి, వచ్చిన దారినే మళ్లీ రింగులోకి దింపాలి. పొడుగు తాడు ఒక చేత్తో, దూర్చిన కొస ఇంకో చేత్తో పట్టి బిగించాలి. కొస కనీసం జానెడు బయటికి ఉండాలి. రెండంగుళాలు వదిలేస్తే మోకు అదిరినప్పుడల్లా కొస కొంచెం కొంచెం లోపలికి పోతుంది, తెల్లారేసరికి ముడి ఉండదు. నైలాను మోకు కొత్తదైతే బిరుసుగా ఉంటుంది కాబట్టి ఆ జానెడు కొసతో పక్క తాడు మీద ఇంకో సగం ముడి వేయమంటాను.

బోలైన్ విప్పడం మరీ సుఖం. పొడుగు తాడు మెడ మీద ఒక వంపు ఉంటుంది. దాన్ని బొటనవేలితో వెనక్కి విరిస్తే ముడంతా వదులైపోతుంది, టన్నుల బరువు లాగిన తరవాత కూడా. కానీ లాగుడు ఉండగా మాత్రం ఇది విడిరాదు. అందుకని బోలైన్ ఉచ్చు గట్టు మీద గుంజకి వేసి, రెండో కొసని లాంచీ మీద ఇనప దిమ్మకి చుట్లుగా తిప్పుకోవాలి. ఎప్పుడు వదలాలన్నా లాంచీ మీద నుంచే వదలొచ్చు. ఇది తిరగేసి కట్టే మహానుభావులున్నారు. వాళ్లు కట్టు విప్పాలంటే పొంగే నీళ్లలోకి దూకి గట్టెక్కాలి.

నీళ్లలో పడ్డ మనిషికి విసిరే తాడు చివర కూడా బోలైనే ఉండాలి. చంకల కింద తగిలించుకుంటే ఛాతీని నొక్కకుండా పట్టి ఉంచుతుంది. అక్కడ జారుముడి వేస్తే లాగేకొద్దీ బిగుస్తుంది. కాపాడబోయి ఉరి వేసినట్టవుతుంది.

రెండు తాళ్లు అతకాలంటే మనవాళ్లు వెనకా ముందూ చూడకుండా చదరపు ముడి వేస్తారు, మూట కట్టినట్టు. తాళ్లు రెండూ ఒకే లావు కాకపోయినా, ఒకటి నున్నగా ఉన్నా అది ఒక్క కుదుపుకి తిరగబడి జారిపోతుంది. లావు తాడుని మడిచి వంపు చేసి, సన్నతాడుని ఆ వంపులోంచి పైకి తెచ్చి, వెనక నుంచి రెండింటినీ చుట్టి, తన కిందే దూర్చుకుంటే షీట్ బెండ్. మనుషుల ప్రాణాలు వేలాడే చోట దీన్నే వాడమంటాను, అదీ రెండు చుట్లతో. ఇక రింగులోంచి కొస జారిపోకుండా ఎనిమిది అంకె ముడి. పక్కన టైర్లు వేలాడదీయడానికి క్లోవ్ హిచ్. ఈ చివరిదానితో లాంచీ మాత్రం కట్టకూడదు. లాగే దిక్కు అటూ ఇటూ మారుతుంటే గుంజ మీద దొర్లి దొర్లి వదులైపోతుంది.

ముడి ఎంత బాగా వేసినా ముడి దగ్గర తాడు బలం తగ్గుతుంది. మెలిక తిరిగిన చోట బయటి పోగుల మీదే భారం పడుతుంది. బోలైన్ వేస్తే ఇంచుమించు మూడో వంతు పోయిందనుకోవాలి. మోకు కొనేటప్పుడు ఈ లెక్క కలుపుకోవాలి. నైలాను బాగా సాగుతుంది. కుదుపుని అది మింగేస్తుంది కాబట్టి రేవు కట్టుకీ లంగరుకీ మంచిది. కానీ సాగి సాగి తెగిందా, కొరడాలా తిరిగొస్తుంది. దారిలో చెయ్యుంటే చెయ్యి, కన్నుంటే కన్ను. బిగిసిన మోకుకి తిన్నగా ఎవర్నీ నిలబడనివ్వను, యజమానినైనా సరే. అంగళ్లలో చవగ్గా దొరికే పాలీప్రొపిలీన్ తాడు నీళ్ల మీద తేలుతుంది, అందుకని మనిషికి విసరడానికి అది కావాలి. ఎండకి మాత్రం తొందరగా చీకిపోతుంది, నున్నగా ఉండడంతో ముడి కూడా జారుతుంది.

ఇప్పుడు నీళ్ల సంగతి. రేవుకి వచ్చేటప్పుడు ముక్కు ఎదురుకి తిప్పాలి. ఏటివాలుతో వచ్చి ఆగుదామంటే లాంచీ ఆగదు. వెనక గేరు వేస్తే చుక్కాని మాట వినదు. ఎదురుకి తిప్పితే ఏరే బ్రేకు వేస్తుంది. ముందు మోకు మొదట కట్టాలి. బయల్దేరేటప్పుడు వెనక మోకు మొదట వదలాలి. ముందు మోకు ముందే వదిలేస్తే ప్రవాహం ముక్కుని పట్టుకుని లాంచీని అడ్డంగా తిప్పేస్తుంది. లంగరు ఎప్పుడూ ముక్కు నుంచే వేయాలి. లోతుకి ఐదారు రెట్లు మోకు వదలాలి. అప్పుడే లాగుడు పక్కవాటుగా ఉండి లంగరు అడుగు పట్టుకుంటుంది. తాడు ఆదా చేసి నిట్టనిలువునా దింపితే అది ఇసకలో ఎగురుతూ పోతుంది.

ప్రవాహం వేగం రెట్టింపైతే మోకు మీద లాగుడు రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. నిన్న నిలిచిన మోకు ఇవాళ ఎందుకు తెగిందో అర్థంకాక తల పట్టుకునే వాళ్లకి ఈ లెక్క చెబుతుంటాను. పైగా వరదలో రాత్రికి రాత్రే మట్టం అడుగులకి అడుగులు పెరుగుతుంది. పొట్టిగా బిగించి కట్టిన లాంచీ నీళ్లతో పాటు పైకి లేవలేదు, ముక్కు కిందకి గుంజుకుని నీళ్లు తాగుతుంది. దిగువన నరసాపురం, సఖినేటిపల్లి రేవుల దగ్గర తంతు వేరు. అక్కడ సముద్రపు పోటూ పాటూ ఉంటాయి. పోటు మీద బిగించి కడితే పాటుకి పడవ గట్టుకి వేలాడుతుంది. అందుకని వదులు వదలడమూ, రాత్రి ఒక మనిషి లేచి చూసుకోవడమూ, రెండూ కావాలి.

ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక. అంటే 10 లక్షల క్యూసెక్కులు, సెకనుకి దాదాపు 2 కోట్ల 83 లక్షల లీటర్లు. 13.75 దగ్గర రెండోది, 17.75 దగ్గర మూడోది. ఇవి ఊళ్లకీ లంకలకీ గట్లకీ పెట్టిన గీతలు. లాంచీకి పెట్టినవి కావు. ఈ తేడా టూరిస్టులకే కాదు, కొందరు సరంగులకీ ఎక్కదు. "ఇంకా మొదటి హెచ్చరికే రాలేదు కదండీ" అంటారు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగిన రోజు గోదావరిలో ఉన్నది 5 లక్షల క్యూసెక్కుల దాకా. మొదటి హెచ్చరికలో సగం. కానీ కొండల మధ్య ఏరు ఇరుకై, అంత నీరూ ఆ సందులోంచే పోవాలి. మలుపు దగ్గర రాతికి కొట్టి తిరిగొచ్చే నీళ్లు, అడుగు నుంచి ఉబికే నీళ్లు, సుడులు, అన్నీ ఒక్కచోటే. యాభై మంది దాకా పోయారు. బతికిన వాళ్లని ఒడ్డుకి చేర్చింది అక్కడి గిరిజనులు, నాటుపడవలు వేసుకుని.

ఆ బోటుని అక్టోబరు 22న కాకినాడకి చెందిన ధర్మాడి సత్యం బృందం బయటికి లాగింది. ఆ రోజుల్లో రేవు రేవునా అదే చర్చ. లంగర్లు వేసి గాలించి, ఇనప రోపులతో లాగుతుంటే ముందు రెయిలింగు ముక్కలూ పైభాగాలూ ఊడి వచ్చాయి. డైవర్లు లోపలికి దిగి రోపు తగిలించాకే బోటు కదిలింది. తాడు పని తెలిసిన వాడికి ఇందులో వింత లేదు. తాడు గట్టిదైతే చాలదు, తగిలించిన చోటు కూడా ఆ బరువు మోయాలి. మా లాంచీల మీదా అంతే. మోకు కట్టమంటే చేతికందిందని కటకటాల ఊచకి కట్టే కుర్రాళ్లు ఇప్పటికీ వస్తున్నారు.

జనం గురించి చెప్పాలంటే ఓపిక కావాలి. లాంచీలో 40 మంది ఉన్నారనుకోండి. గండి పోచమ్మ గుడి కనిపించగానే ఆ నలభై మందీ ఫొటోల కోసం ఒక పక్కకే పరిగెత్తుతారు. రెండున్నర టన్నుల బరువు, అదీ పై డెక్కు మీద. లాంచీ ఒరుగుతుంది. అడుగున పేరుకున్న నీళ్లుంటే అవీ ఒరిగిన పక్కకే పరిగెత్తి ఇంకా ఒరగదోస్తాయి. మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు లోతు నీళ్లంటే టన్ను. అందుకే పొద్దున్నే అడుగు నీళ్లు తోడారా లేదా అని నేనే పలక ఎత్తి చూస్తాను. మైకులో పాటలు ఆపి, "అమ్మా, బాబూ, కూర్చున్న చోట నుంచే చూడండి, వచ్చేటప్పుడు ఈ పక్క వాళ్లకీ కనబడుద్ది" అని బతిమాలతాను. వినకపోతే ఇంజిను తగ్గించేస్తాను. దానికి మాత్రం వింటారు.

వానొచ్చినప్పుడు పరదాలు, కిటికీలు బిగించేసుకోవడం ఇంకో ముప్పు. 2018 మే 15న దేవీపట్నం మండలం మంటూరు దగ్గర ఈదురుగాలికి లాంచీ మునిగినప్పుడు, తడవకుండా తలుపులూ కిటికీలూ మూసుకున్న వాళ్లు లోపలే చిక్కుకుపోయారని పత్రికల్లో చదివాం. తడిస్తే తడుస్తాం. బయటికి వచ్చే దారి మాత్రం మూయకూడదు. మే నెల సాయంత్రాలు పడమట మబ్బు నల్లగా కమ్మి గాలి ఉన్నట్టుండి ఆగిపోయిందంటే నేను ముందుకి పోను. దగ్గర్లో ఇసక మేట చూసి ముక్కు ఆనిస్తాను. ఆలస్యమైందని తిట్టే వాళ్లుంటారు. తిట్టనివ్వండి.

లైఫ్ జాకెట్ ఉక్కగా ఉంటుంది, చెమట వాసన వేస్తుంది, చీర పాడవుతుంది. ఇవన్నీ నిజాలే. కానీ భుజాన వేసుకుని బకిల్ పెట్టకపోతే నీళ్లలో పడగానే జాకెట్ పైకి తేలుతుంది, మనిషి కిందికి జారిపోతాడు. పెట్టుకున్నాక రెండు భుజాల దగ్గర పట్టి పైకి లాగి చూడాలి. చెవుల దాకా వచ్చిందంటే వదులుగా ఉన్నట్టే. పిల్లలకి కాళ్ల మధ్య నుంచి తిప్పే పట్టీ ఉన్నది కావాలి. పెద్దవాళ్ల జాకెట్ మడిచి పిల్లాడికి కడితే వేసుకున్నాడన్న ధైర్యమే తప్ప ఇంకేం ఉండదు. సీట్ల కింద మూట కట్టి పెట్టిన జాకెట్లు ఎవరికీ పనికిరావు. లాంచీ ఒరిగే ఆ కాస్త వ్యవధిలో మూట విప్పి, సైజు చూసి, పట్టీలు బిగించుకునే వాళ్లుండరు.

మునిగిపోతున్న వాళ్లు సినిమాల్లో లాగా చేతులూపుతూ కేకలు వేస్తారనుకుంటారు. ఊపిరి తీసుకోవడానికే నోరు చాలదు, కేక ఎక్కడిది? నిలువుగా ఉంటారు, తల వెనక్కి వాలి నోరు నీటి అంచున తేలుతూ మునుగుతూ ఉంటుంది, చేతులు పక్కలకి నీటిని నొక్కుతుంటాయి. పక్కనే ఈదుతున్న వాళ్లకి కూడా ఆడుకుంటున్నట్టే కనిపిస్తుంది. ఇలా ఉండేది నిమిషంలోపే, ఆ తరవాత కనిపించరు. అందుకని ఎవరైనా పడ్డారంటే ఒక కళాసీకి వేరే పని పెట్టను. వేలు ఆ మనిషి వైపు చూపిస్తూ, కన్ను తిప్పకుండా నిలబడడమే వాడి పని. నేను ప్రొపెల్లరు అటు పోకుండా చుక్కాని తిప్పి, చుట్టి వచ్చి, దగ్గరకి రాగానే ఇంజిను న్యూట్రల్ చేస్తాను. ముందు గెడ అందించాలి. అందకపోతే తాడు విసరాలి, మనిషి మీదకి కాదు, తల మీదుగా అవతలికి, తాడు భుజం మీద పడేలా. అదీ కుదరకపోతే నాటుపడవ. దూకడం ఆఖరి మాట. బెదిరిన మనిషి పట్టు అంతా ఇంతా కాదు, మొలతాడు దొరికినా వదలడు.

ఒడ్డుకి తెచ్చాక మన ఊళ్లలో కడుపు నొక్కి నీళ్లు కక్కిస్తారు, కాళ్లు పట్టి తలకిందులుగా ఊపుతారు. వద్దు. నొక్కితే పొట్టలోది పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, పోయేది విలువైన నిమిషాలు. ఊపిరి లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, తల వెనక్కి వంచి గడ్డం పైకెత్తి, ముక్కు మూసి నోటితో ఐదుసార్లు గాలి ఊదాలి. తరవాత ఛాతీ మధ్యలో 30 నొక్కులు, రెండు ఊదడాలు, మళ్లీ 30, అలాగే అంబులెన్సు వచ్చేదాకా. గుండె ఆగిన వాళ్లకి ఒట్టి నొక్కులు చాలంటారు గానీ, నీళ్లలో మునిగిన వాళ్లకి కరువైంది గాలి. ఊదడం మానకూడదు. మనిషి లేచి కూర్చుని "బానే ఉన్నానండి" అన్నా ఆసుపత్రికి పంపాల్సిందే. గంటల తరవాత కూడా ఊపిరి బిగుసుకోవచ్చు.

సాయంత్రం లాంచీ కట్టాక మోకులు మంచినీళ్లతో కడిగి నీడలో ఆరేయిస్తాను. పోగుల మధ్య చేరిన ఇసక లోపల్లోపలే కోసేస్తుంది, పైకి ఏమీ తెలీదు. వారానికోసారి మెలిక విప్పి లోపలి పోగు చూడాలి. పిండి రాలుతున్నా, బిరుసెక్కి విరుగుతున్నా, గట్టుకి ఒరుసుకుని ఒకచోట సన్నబడ్డా ఆ మోకు పని అయిపోయింది. యజమానులు ఒప్పుకోరు. "ఇంకో సీజను వచ్చుద్ది కదా" అంటారు. వాదించి కొత్తది తెప్పిస్తాను. పాతదాన్ని మాత్రం అక్కడ ఉంచను, ఉంచితే ఏ రాత్రో అవసరానికి ఎవడో దాన్నే అందుకుంటాడు. మూరెడు మూరెడు ముక్కలుగా కోసి పంచేస్తాను. ముడులు నేర్చుకోవడానికి కుర్రాళ్లు కొన్ని తీసుకుంటారు, మిగతావి పశువుల పాక వాళ్లు పట్టుకుపోతారు.